కేసు ముగిసినా రికార్డు ముగియదు: సరిహద్దు జిల్లాల తెలుగువారికి చట్టం ఇచ్చేదెంత?

సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు పనికి వెళ్లే కుర్రాడికైనా, మల్కన్‌గిరి జిల్లా కలిమెల నుంచి విశాఖలో కంపెనీ పనికి వెళ్లేవాడికైనా పని దొరకడం ఒక ఎత్తు, పోలీస్ వెరిఫికేషన్ దాటడం ఇంకో ఎత్తు. ఉద్యోగం ఇచ్చేవాడు తెలంగాణలోనో ఆంధ్రలోనో ఉంటాడు. వెరిఫికేషన్ కాగితం మాత్రం సొంతూరి పోలీస్ స్టేషన్‌కు, అంటే మహారాష్ట్రకో ఒడిశాకో వెళ్తుంది. ఎప్పుడో పేకాటలో దొరికి ఫైన్ కట్టిన కేసు, పొలం గట్టు తగాదాలో పేరు రాయించిన కేసు, కోర్టు ఏనాడో కొట్టేసిన కేసు, అన్నీ అక్కడ మళ్లీ బయటికొస్తాయి. 'ఈ రికార్డు తీయించేయడానికి దారేమైనా ఉందా' అన్న వెతుకులాట అప్పుడు మొదలవుతుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కోర్టుకు అర్జీ పెట్టుకుని పాత కేసు రికార్డును మూయించేయవచ్చు. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం చాలా శిక్షలు కొన్నేళ్ల తర్వాత కాలం చెల్లినట్టే లెక్క. అక్కడున్న బంధువుల నోట ఈ మాటలు విని, మన దగ్గరా అలాంటిదేదో ఉంటుందనుకుని కోర్టు ఆవరణల్లో తిరిగే దళారుల చేతిలో డబ్బు పెట్టేవాళ్లున్నారు. భారతదేశంలో పెద్దవాళ్లకు పడిన శిక్షను రికార్డు నుంచి చెరిపేసే సాధారణ చట్టం లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాల్లోనూ అది రాలేదు. ఉన్నవి వేరే రకం రక్షణలు. రికార్డు అలాగే ఉంటుంది, దాని దెబ్బ కొన్ని చోట్ల తగలకుండా ఆపవచ్చు. ఆ రక్షణల్లో చాలావరకు కేసు నడుస్తున్న రోజుల్లోనే అడిగి తీసుకోవాలి. ముగిశాక అడిగితే దొరకవు. సరిహద్దు జిల్లాల వాళ్లు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

రికార్డు అని ఒక్కమాటలో అంటాం గానీ అది ఉండేది ఒకచోట కాదు. స్టేషన్‌లో రిజిస్టర్లు ఉంటాయి. దేశంలోని స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. కోర్టులో ఫైలు, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు వివరం ఉంటాయి. వేలిముద్రలు, ఫొటోలు తీసి ఉంటే అవి జాతీయ నేర రికార్డుల బ్యూరోకు చేరతాయి. 2022 ఆగస్టులో అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం వాటిని 75 ఏళ్లు ఉంచుకోవచ్చు. గతంలో ఏ శిక్షా పడని మనిషి విచారణ లేకుండా విడుదలైనా, డిశ్చార్జి (చార్జి ఖరారు కాకముందే కోర్టు వదిలేయడం) అయినా, నిర్దోషిగా తేలినా, పై కోర్టుల దారులన్నీ ముగిశాక ఆ వేలిముద్రల రికార్డు ధ్వంసం చేయాలని అదే చట్టం చెబుతుంది. కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప. అయితే ధ్వంసమయ్యేది వేలిముద్రలు, కొలతలు మాత్రమే. ఎఫ్‌ఐఆర్, కోర్టు ఫైలు, స్టేషన్ రిజిస్టరు దాని పరిధిలోకి రావు.

ఫైన్ కట్టేస్తే పోయేదేముంది?

బరంపురం, పర్లాకిమిడి నుంచి ధర్మాబాద్, కిన్వట్ దాకా మేజిస్ట్రేట్ కోర్టుల్లో కనిపించే దృశ్యం ఒకటే. పేకాటనో, బహిరంగంగా తాగడమనో, చిన్న కొట్లాటనో కేసు ఉంటుంది. ప్రతి వాయిదాకూ కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. 'తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేయ్, ఈ రోజుతో వదిలిపోతుంది' అని ఎవరో ఒకరు చెబుతారు. కొన్నిసార్లు సొంత వకీలే చెబుతాడు. వందల్లోనో వేలల్లోనో కట్టి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికొస్తారు. నేరం చేసినట్టు కోర్టు తేల్చిందన్న సంగతి ఆ రసీదు చూస్తే తట్టదు. చట్టం దృష్టిలో మాత్రం అది శిక్షే. జైలుకు పోలేదు కాబట్టి శిక్ష పడలేదనుకోవడం ఈ ప్రాంతాల్లో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

దాని ఖరీదెంతో చూడాలంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చూడాలి. కోర్టులో శిక్ష పడినవాడిని సెక్యూరిటీ గార్డుగా గానీ సూపర్‌వైజర్‌గా గానీ పెట్టుకోకూడదని అందులోని పదో సెక్షన్ అంటుంది. ఏ నేరమో, ఎన్నేళ్ల కిందటిదో, జైలా జరిమానానా అన్న తేడా అందులో రాయలేదు. అక్షరాలా చదివితే 22 ఏళ్ల వయసులో పేకాటకు కట్టిన ఫైన్ 45 ఏళ్లకూ గేటు దగ్గర నిలబడనివ్వదు. ఎన్నికల చట్టంతో పోలిస్తే దీని వింత తెలుస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం రెండేళ్లకు తగ్గని జైలు శిక్ష పడిన నాయకుడు కూడా విడుదలైన ఆరేళ్లకు మళ్లీ ఎన్నికల్లో నిలబడవచ్చు. పాస్‌పోర్టు చట్టం కూడా గడువు పెట్టింది. నైతిక పతనానికి సంబంధించిన నేరానికి రెండేళ్లకు తగ్గని జైలు పడినవాళ్లకు దరఖాస్తుకు ముందు ఐదేళ్ల వరకే ఆ అడ్డంకి. ఎమ్మెల్యే కావాలన్నా, విదేశం వెళ్లాలన్నా కాలం గడిస్తే చాలు. వాచ్‌మన్ ఉద్యోగానికి మాత్రం కాలం ఎంత గడిచినా లాభం లేదు.

దీనికి విరుగుడు 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టంలో ఉంది. గతంలో శిక్ష లేనివాళ్లు చిన్న దొంగతనం, మోసం లాంటి కొన్ని నేరాల్లో గానీ, రెండేళ్లకు మించని శిక్ష ఉన్న మరే నేరంలో గానీ దొరికితే మేజిస్ట్రేటు జరిమానాకు బదులు మందలించి వదిలేయవచ్చు. అది మూడో సెక్షన్. ఉరి, యావజ్జీవం లేని మిగతా నేరాల్లో సత్ప్రవర్తన పూచీకత్తు మీద వదలవచ్చు. అది నాలుగో సెక్షన్. అసలు రక్షణ పన్నెండో సెక్షన్‌లో ఉంది. ఈ రెండు పద్ధతుల్లో దేని కింద వదిలినా, శిక్ష పడితే వచ్చే అనర్హత ఏదీ ఆ మనిషికి అంటదు. పేకాట కేసులో ఫైన్ కట్టినవాడికి గార్డు ఉద్యోగం దగ్గర అడ్డుపడే చట్టం, అదే కేసులో మందలింపుతో బయటపడ్డవాడికి అడ్డుపడలేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పట్టుబడి ఉండవచ్చు. తేడా అంతా ఆ రోజు కోర్టులో వకీలు లేచి 'ఇది మొదటి తప్పు, మూడో సెక్షన్ కింద వదలండి' అని అడిగాడా లేదా అన్నదే. మేజిస్ట్రేటు ఒప్పుకోవాలన్న నియమమేమీ లేదు. అడగడానికి మాత్రం ఖర్చు లేదు. 21 ఏళ్ల లోపు వాళ్లను జైలుకు పంపాలంటే కారణం రాయాలని ఇదే చట్టం ఆరో సెక్షన్ మేజిస్ట్రేటుకే చెబుతుంది, అయినా ఈ చట్టం పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

దీనికీ హద్దుంది. పన్నెండో సెక్షన్ అనర్హతను తీస్తుంది గానీ నేరం రుజువైందన్న విషయాన్ని తీసేయదు. ప్రొబేషన్ మీద విడుదలైన ఉద్యోగిపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1975లో ఒకసారి, 1990లో మరోసారి చెప్పింది. బ్రిటన్ కంటే పదహారేళ్లు ముందే మన పార్లమెంటు ఈ దారి పట్టింది, సగంలో ఆగిపోయింది. ఇన్నేళ్లు తప్పు చేయకుండా బతికితే పాతది లెక్కలోకి రాదు అన్న మిగతా సగం ఇప్పటికీ రాలేదు.

కొట్లాట కేసుల్లో ఇంకా మంచి దారుంది. చేయి చేసుకున్నారు, తోశారు, తిట్టారు లాంటివి చాలావరకు రాజీ కుదిరే నేరాలు. గట్టు తగాదాలో దెబ్బ తిన్నవాడు కోర్టులో రాజీకి ఒప్పుకుంటే ఆ రాజీకి నిర్దోషిగా విడుదలైనంత విలువ ఉంటుందని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్ చెబుతుంది. ఊరి పెద్దల ముందు రాజీ పడి, కోర్టులో మాత్రం 'తొందరగా తేలిపోతుంది' అని తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టడం చేజేతులా చేసుకునే నష్టం. ఒకే కేసు ఒక దారిలో నిర్దోషిత్వంగా, ఇంకో దారిలో శిక్షగా ముగుస్తుంది. లోక్ అదాలత్ రోజున రెండూ ఒకే హాల్లో, ఒకే హడావుడిలో జరుగుతాయి. దేని మీద సంతకం పెడుతున్నారో అడిగి తెలుసుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

చెరిగిపోయే రికార్డు ఒక్కటే

వేలిముద్రల సంగతి పక్కన పెడితే, మన చట్టాల్లో కేసు రికార్డునే ధ్వంసం చేయమని చెప్పేది బాలల విషయంలో. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిన నాటికి 18 నిండనివారికి ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాదు. అప్పీలు గడువో, నిబంధనల్లో చెప్పిన గడువో ముగిశాక రికార్డు తీసేయాలని పోలీసులకు బాలల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డే ఉత్తర్వు ఇవ్వాలి. 74వ సెక్షన్ ఇంకొంచెం ముందుకు వెళ్లింది. ముగిసిన బాల నేరస్థుల కేసు వివరాన్ని క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం అడిగినా పోలీసులు ఇవ్వకూడదు. చిన్నప్పటి కేసును అడ్డుపెట్టి ఉద్యోగం నిరాకరించకూడదని 2019లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక మినహాయింపు ఉంది. 16 దాటి, కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోర నేరంలో, పెద్దవాడిలా విచారణ జరిగి దోషిగా తేలితే ఈ రక్షణ వర్తించదు, రికార్డు కూడా ఉండిపోతుంది.

ఈ చట్టం ఎంత మంచిదైనా సరిహద్దులో అది ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. వయసెంత? చట్టం ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రాన్ని గానీ పదో తరగతి సర్టిఫికెట్‌ను గానీ చూడమంటుంది. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్‌లో ఉన్న తేదీని పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోలేమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు తేదీ తెలియక జనవరి 1 అని రాయించుకున్నవాళ్లు ఈ జిల్లాల్లో ఎంత మంది ఉన్నారో తెలిసినవాళ్లెవరూ ఆ మాటకు ఆశ్చర్యపోరు.

ఇక్కడ పిల్లల చదువు ఒక రాష్ట్రంలో, పుట్టుక ఒక రాష్ట్రంలో, కేసు ఇంకో రాష్ట్రంలో ఉండటం మామూలే. పర్లాకిమిడి పక్కనే పాతపట్నం, మధ్యలో గీసిన సరిహద్దు తప్ప ఊళ్లు కలిసిపోయినట్టే ఉంటాయి. కోరాపుట్ జిల్లా కొటియా గ్రామాలైతే ఏ రాష్ట్రానివో తేలని వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. 21 గ్రామాల్లో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా, తెలంగాణ కెరమెరి మండలం మధ్య ఉన్న పల్లెల పరిస్థితీ అదే. రెండు రాష్ట్రాల కార్డుల్లో రెండు పుట్టిన తేదీలు ఉన్న కుర్రాడిని పట్టుకున్న పోలీసులు ఏ తేదీ ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు. అతను 17 ఏళ్లవాడైతే బోర్డు ముందుకు, 19 అయితే జైలుకు. మైనర్‌నన్న వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు వచ్చాక కూడా లేవనెత్తవచ్చని తొమ్మిదో సెక్షన్ అంటుంది. ఏళ్ల కిందట పెద్దవాడిగా శిక్ష పడిన వాడు కూడా బడి రిజిస్టరు నకలు పట్టుకుని కోర్టుకు వెళ్లవచ్చన్నమాట. పాత రికార్డు మీద ఇంత బలమైన ఆయుధం ఇంకోటి లేదు. దాన్ని వాడాలంటే, మూతపడిన ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు మండల ఆఫీసులో ఏ బీరువాలో ఉందో వెతికించాలి.

గంజాయి కేసులు

కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లో ఈ విషయం మాట్లాడుతూ గంజాయి గురించి చెప్పకపోతే అసలు సంగతి వదిలేసినట్టే. చిత్రకొండ వైపు నుంచి సీలేరు, భద్రాచలం దారుల్లో మూటలు మోసి పట్టుబడేవాళ్లలో ఎక్కువమంది పండించినవాళ్లూ కాదు, కొన్నవాళ్లూ కాదు. రోజు కూలికి మూట మోసినవాళ్లు, బైక్ నడిపినవాళ్లు. మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి కిలో లోపు చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల వరకు.

పైన చెప్పిన ప్రొబేషన్ రక్షణ వీళ్లకు అందదు. ఎన్‌డీపీఎస్ చట్టం 33వ సెక్షన్ దాన్ని మూసేసింది. 18 ఏళ్ల లోపువాళ్లకూ, కేవలం సేవించినందుకు పట్టుబడ్డవాళ్లకూ, లైసెన్సు షరతులకు సంబంధించిన ఒక చిన్న సెక్షన్ కింద దొరికినవాళ్లకూ తప్ప. కొనుక్కుని తాగినవాడికి కోర్టు ప్రొబేషన్ ఇవ్వగలదు. రోజు కూలికి మోసినవాడికి ఇవ్వలేదు. మత్తుకు బానిసైనవాడిని బాగుచేయాలన్న ఉద్దేశం మంచిదే. పేదరికం వల్ల మూట మోసినవాడికి అలాంటి తలుపు ఒక్కటీ పెట్టకపోవడం మాత్రం చట్టం చూపులో ఉన్న లోపమే. గిట్టుబాటు లేని పంటల కాలంలో గుట్టల మీద నుంచి మూట దించిన గిరిజన కుర్రాడికి 30 ఏళ్ల తర్వాత కూడా ఆ కాగితమే ఎదురొస్తుంది.

మైనర్ల విషయంలో మాత్రం ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 20 కిలోల లోపు కేసుకు కనీస శిక్ష లేదు కాబట్టి అది 'ఘోర నేరం' కిందికి రాదు, రికార్డు ధ్వంసం కావాల్సిందే. 20 దాటితే పదేళ్ల కనీస శిక్ష ఉంది కాబట్టి ఘోర నేరమే. తూకంలో అరకిలో అటూ ఇటూ అయితే 16 దాటిన పిల్లవాడి రికార్డు జీవితాంతం ఉంటుందా, పోతుందా అన్న ప్రశ్నే మారిపోవచ్చు. పంచనామా నాటి తూకం గురించి వకీళ్లు అంతగా పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

అసలు ముగియని కేసులది వేరే బాధ. విశాఖలోనో కొత్తగూడెంలోనో బెయిలు వచ్చి మల్కన్‌గిరికి తిరిగొచ్చినవాడు వాయిదాకు వెళ్లాలంటే రెండు రోజుల కూలి, దారి ఖర్చు, అక్కడ ఒక రాత్రి పడుకునే చోటు కావాలి. రెండు వాయిదాలు తప్పితే నాన్ బెయిలబుల్ వారంటు వస్తుంది. మనిషి దొరకలేదని కేసు పక్కన పడుతుంది. అది కొట్టివేతా కాదు, శిక్షా కాదు. ఏళ్ల తర్వాత ఏ వెరిఫికేషన్‌లోనో, ఏ తనిఖీలోనో మళ్లీ లేస్తుంది. 2010లో గోదావరి మీది బాబ్లీ ప్రాజెక్టు దగ్గర ఆందోళన చేసినందుకు నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో పెట్టిన కేసులో ఎనిమిదేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరులో, చంద్రబాబు నాయుడు సహా పలువురిపై అక్కడి కోర్టు నాన్ బెయిలబుల్ వారంటు ఇచ్చింది. ఆయన అప్పుడు ముఖ్యమంత్రి. ఆయనకు వెంటనే వకీళ్లు దొరికారు. కూలీకి వారంటు సంగతి తెలిసేది పోలీసులు ఇంటికొచ్చినప్పుడే. ఇలాంటి కేసుల్లో చేయాల్సిన మొదటి పని వారంటు రద్దు చేయించుకుని కేసు నడిపించి ముగించడం. ముగియని కేసుకు పైన చెప్పిన ఏ రక్షణా పనిచేయదు.

న్యాయ సహాయం విషయం ఇక్కడే చెప్పాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలుకు అర్హులు. కేసు ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే ఇది మరీ అవసరం. మల్కన్‌గిరి వాళ్లకు హైకోర్టు కటక్‌లో, సిరొంచ వాళ్లకు నాగ్‌పూర్ బెంచ్‌లో, దెగ్లూర్ వాళ్లకు ఔరంగాబాద్ బెంచ్‌లో ఉంది. ఎఫ్‌ఐఆర్ కొట్టేయించుకోవాలంటే పోవాల్సింది అక్కడికే. మల్కన్‌గిరికి కటక్ కంటే హైదరాబాద్ దారే తెలిసినదారి.

నిర్దోషికి కూడా

కోర్టు నిర్దోషి అని తేల్చినా రికార్డు పోదని చాలామందికి నమ్మబుద్ధి కాదు. తీర్పు కాపీ స్టేషన్‌కు చేరితే రిజిస్టరులో కేసు పక్కన 'కొట్టివేత' అని చేరుతుంది, కేసు మాత్రం అక్కడే ఉంటుంది. తీర్పు చేరకపోతే అదీ ఉండదు, కేసు ఇంకా పెండింగ్ అనే కనిపిస్తుంది. ఆ నకలు స్వయంగా తీసుకెళ్లి స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవడం చిన్న పనే. వెరిఫికేషన్‌లో వచ్చే సగం తలనొప్పి దాంతో తగ్గుతుంది. పాత కేసు ఫైళ్లలో కొన్ని భాగాలను కోర్టులు తమ నిబంధనల ప్రకారం గడువు తీరాక తీసేస్తాయి కాబట్టి సర్టిఫైడ్ నకలు తీర్పు వచ్చిన కొత్తలోనే తీసుకోవాలి. ఒకటికి నాలుగు తీసుకోవడం మేలు. కోర్టు కాగితం పోయి పోలీసు కాగితం మిగలడం కంటే అన్యాయం ఇంకోటి ఉండదు.

ఉద్యోగ దరఖాస్తులో 'మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా' అన్న గడి దగ్గర చాలామంది 'లేదు' అని రాసేస్తారు, కొట్టేశారు కదా అని. అక్కడే ఉద్యోగం పోతుంది. సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం 2016లో దీనికి సూత్రాలు చెప్పింది. సమాచారం నిజంగా ఇవ్వాలి. దాచిన కేసు మరీ చిన్నదైతే, కుర్రతనంలో జరిగినదైతే, పెట్టిన పోస్టును బట్టి యజమాని క్షమించవచ్చు. చెప్పినవాడిని కూడా కేసు స్వభావం చూసి తిరస్కరించే అధికారం యజమానికి ఉంది, అయితే ఇష్టం వచ్చినట్టు కాదు. దాచాడన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తీసేయకూడదని 2022లో ఒక రైల్వే భద్రతా దళ కానిస్టేబుల్ కేసులో మళ్లీ చెప్పింది. పోలీసు ఉద్యోగాల్లో ఇంకో మెలిక ఉంది. సాక్షులు ఎదురుతిరిగినందువల్లో, సందేహం వల్లో వచ్చిన విడుదలకూ, నేరమే జరగలేదని తేలిన విడుదలకూ కోర్టులు తేడా చూస్తాయి. రాజీ కేసులో వచ్చిన విడుదల రెండో రకం కాదు. గార్డు ఉద్యోగానికి సరిపోయేది కానిస్టేబుల్ ఉద్యోగానికి చాలకపోవచ్చు.

కాగితం మీద మనిషి ఒక్కడేనా అన్నది ఇంకో చిక్కు. తెలుగు పేరులో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగా. మరాఠీ కాగితాల్లో మధ్యలో తండ్రి పేరు చేరుతుంది. ఒడియా ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. అదే మనిషి మూడు పేర్లతో కనిపిస్తాడు. ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతికే ప్రైవేటు వెరిఫికేషన్ కంపెనీలకు ఒకరి కేసు ఇంకొకరికి అంటించడం ఎంత సులువో, నిర్దోషిగా తేలిన తీర్పు కనిపించకుండా పోవడం కూడా అంతే సులువు. తండ్రి పేరు, ఊరు, తాలూకా, కేసు నంబరు ఉన్న తీర్పు నకలు, దానికి ఇంగ్లీషు అనువాదం దగ్గర పెట్టుకున్నవాడికి కొంత నయం. తెలుగు రాష్ట్రంలోని అధికారి మరాఠీ చార్జిషీటు చదవలేడు. చదవలేని కాగితాన్ని అనుమానంగా చూడటం ఆఫీసుల అలవాటు.

బైండోవర్ (గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం), తడీపార్ (ఒక ప్రాంతం నుంచి కొంతకాలం బహిష్కరించడం), రౌడీ షీటు లాంటి హిస్టరీ షీట్లు (పోలీసులు ఒక మనిషి మీద తెరిచే నిఘా రికార్డు) శిక్షలే కాదు. ఎన్నికల ముందు బైండోవర్ చేసి పూచీకత్తు తీసుకుంటే అది నేరం రుజువైనట్టు కాదు. మహారాష్ట్ర పోలీసు చట్టం కింద రెండేళ్ల వరకు విధించే తడీపార్ కూడా అంతే. అయినా వెరిఫికేషన్‌లో ఇవి శిక్షంత బరువుతో కనిపిస్తాయి. హిస్టరీ షీట్లలో యాంత్రికంగా పేర్లు ఎక్కించకూడదని, వెనుకబడిన వర్గాల అమాయకుల మీద వీటిని వాడకూడదని, కుటుంబంలోని పిల్లల వివరాలు రాయకూడదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అన్ని రాష్ట్రాలూ తమ విధానాలు సరిచూసుకోవాలని ఆ తీర్పు చెబుతుంది. షీటు తీయించుకోవడానికి ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టేటప్పుడు దాన్ని జత చేయవచ్చు.

ప్రభుత్వం కేసులు ఎత్తివేయడం వేరే సంగతి. ఆదివాసుల మీద పెట్టిన చిన్నా చితకా కేసులను ఒడిశా ప్రభుత్వం అప్పుడప్పుడూ ఎత్తివేస్తూ వచ్చింది. 2025 అక్టోబరు 15న గడ్చిరోలిలో మావోయిస్టు నేత మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో కలిసి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ముందు లొంగిపోయినప్పుడు, వాళ్ల కేసులన్నీ పోతాయని ఇటు పల్లెల్లో అనుకున్నవాళ్లు ఉన్నారు. లొంగుబాటు పథకాలకు కేంద్రం రాసిన మార్గదర్శకాలు అలా చెప్పవు. ఘోర నేరాల కేసులు కోర్టుల్లోనే నడుస్తాయి, చిన్నవాటి మీదే రాష్ట్రానికి వెసులుబాటు ఉంది. ఎత్తివేయాలన్నా పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. చార్జి ఖరారైన తర్వాత ఎత్తివేస్తే అది నిర్దోషిత్వం, ముందైతే డిశ్చార్జి మాత్రమే.

ఇక ఇంటర్నెట్. తీర్పుల వెబ్‌సైట్లలో పేరు కొడితే వచ్చే పాత కేసు ఈ రోజుల్లో స్టేషన్ రిజిస్టరు కంటే పెద్ద బెడద. తన పాత వివరాలను ఇంటర్నెట్ మరచిపోయేలా చేసుకునే హక్కు గురించి ఒడిశా హైకోర్టు 2020 నవంబరులో ఒక బెయిలు కేసులో వివరంగా మాట్లాడింది. అయితే అక్కడ చూసింది బాధితురాలి వైపు నుంచి. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆమె వీడియోలు తీయించడం గురించి. నిర్దోషిగా తేలినవాడి వైపు నుంచి ఢిల్లీ హైకోర్టు 2021లో ఒక తీర్పును వెతుకులాటల్లో కనిపించకుండా చేయమంది. మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచ్ 2024 ఫిబ్రవరిలో ఇంకో తీర్పును ఒక న్యాయ వెబ్‌సైట్ నుంచి తీసేయమంది. ఆ ఉత్తర్వును జూలైలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. బహిరంగ న్యాయస్థానం తీర్పు అందరిదీ అన్న వాదనకూ, ఒక మనిషి ప్రశాంతంగా బతికే హక్కుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అక్కడ తేలాలి. అంతవరకు గూగుల్‌లో కనిపించే కేసు గురించి అడిగే యజమానికి నిర్దోషి చూపించగలిగేది తన దగ్గరున్న తీర్పు నకలు ఒక్కటే.